ప్రెసిడెంటు పెండ్లాం రివ్యూ

శ్రీకాంత్ ఇంటికి వచ్చేసరికి అతని తెల్లచొక్కా పాలతో తడిసి, ఎండకి అట్టకట్టి, పులిసిన వాసన కొడుతోంది. ఆళ్లగడ్డలో హీరో అభిమాన సంఘానికి అతనే ప్రెసిడెంటు. కొత్త సినిమా విడుదల కదా, తెల్లవారగానే నిచ్చెనెక్కి కటౌటుకి పాలాభిషేకం చేశాడు. సగం పాలు హీరో మీద, సగం తన మీద పడ్డాయి. అవి తోడు పెట్టడానికి అతని భార్య ఇంద్రజ కాచి ఉంచిన పాలు.

"బిరీన ఉతికి ఆరేయి మే. మ్యాట్నీకి నంద్యాలకి పోవల్ల. ఇదే చొక్కా ఏసుకుంటా" అని విప్పి ఆమె చేతికిచ్చాడు. కుటుంబంతో చూసే సినిమా మాత్రం నంద్యాలలోనే, అక్కడ ఏసీ బాగుంటుందని. ఇంద్రజ చొక్కాని బకెట్లో ముంచి, మజ్జిగ లేదు కాబట్టి చారుకి చింతపండు నానేసింది.

ఈ ఎండాకాలం ఆమె చూసిన సినిమాల్లో ఇది మూడోది. చూసింది అనడం కొంచెం ఎక్కువే. మొదటిది ప్రేమ సినిమా. హీరోయిన్ ఆఫీసులో కూర్చుని ఉండగా ఒళ్లో ఉన్న పాప పాప్‌కార్న్ కోసం ఏడిచింది. కొనుక్కుని తిరిగొచ్చేసరికి హీరోయిన్ ఉద్యోగం మానేసి పెట్టె సర్దుకుంటోంది. "ఎందుకు మానేసింది?" అని అడిగితే, "లవ్వు" అన్నాడు శ్రీకాంత్ తెర మీంచి చూపు తిప్పకుండా. రెండోది దయ్యం సినిమా. అత్త కమలాక్షమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, కోడలి చెయ్యి పట్టుకుని, "పాయనా దయ్యం? పాయనా?" అని అడుగుతూ కూర్చుంది. అత్త వంతు దయ్యాన్ని కూడా ఇంద్రజే చూడాల్సి వచ్చింది. కానీ ఆ దయ్యం ఆమెకి నచ్చింది. అంత పెద్ద ఇంట్లో ఉంటోందా, ఒక్కరన్నా దాన్ని అన్నం పెట్టమని అడగలేదు.

ఈ మూడోది కొట్లాటల సినిమా. పాట వస్తే అత్తకి నీళ్లసీసా మూత తియ్యడం, మాటలు వస్తే పాప చేతులు తుడవడం. అందరూ ఎదురుచూస్తున్న ఇంటర్వెల్ ఫైటు మొదలవగానే పాప బాత్రూం అంది. థియేటరంతా ఈలలు వేస్తుంటే ఇంద్రజ బాత్రూం తలుపు బయట నిలబడి ఆ దెబ్బల చప్పుడు విన్నది. లోపలికొచ్చి చూస్తే మిరపకాయల కళ్లంలో ఎటు చూసినా మనుషులు పడి ఉన్నారు. అయ్యో, ఎవరి పంటో, అనుకుంది.

సినిమా వదిలాక గేటు దగ్గర రమ్య మైకు పట్టుకుని నిలబడి ఉంది. నంద్యాల పిల్ల, సినిమా చూసి వచ్చినవాళ్లతో మాట్లాడించి వీడియోలు పెడుతుంది. శ్రీకాంత్ ముందుకు ఉరికి, "బ్లాక్‌బస్టర్! రికార్డులన్నీ బద్దలే!" అని అరిచాడు. రమ్య అతని పక్కనుంచి మైకు వెనక్కి చాచింది.

"అక్కా, మీరు చెప్పండి. సినిమా ఎట్లుంది?"

ఎవరిని అడిగిందా అని ఇంద్రజ వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. చంకలో పాప, భుజానికి సంచి, చేతిలో సీసా. కాపురానికి వచ్చాక, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నది తప్ప ఆమె అభిప్రాయం ఎవరికీ అవసరపడలేదు. ఆ ఉప్పు సంగతి కూడా వాళ్లే చెప్పేవారు.

"హీరో తెల్లచొక్కా మీదే కొట్లాడినాడు. యా చొక్కాకీ మరుసటి సీనుకి మరక లేదు. ఆ ఇంట్లో ఉతికేదెవరో ఆయమ్మని ఒకసారి చూపిచ్చింటే బాగుండు. హీరోయిన్ డాక్టరంట. ఒక్కరికన్నా సూది ఏస్తాదేమో అని చూస్తి, పాటలకే సరిపాయ. వాళ్లమ్మకి మూడే మాటలు. వచ్చినావా నాయనా, తిన్నావా నాయనా, పోవద్దు నాయనా. అదన్నా విన్యాడా? పాయ. ఇంగ సినిమాలో మన సీమోళ్లంతా తొడలు కొడతాంటారు. నేను పుట్టినకాడి నుంచి ఈడనే ఉండా. దోమ కుడితే తప్ప ఎవరూ తొడ కొట్టింది చూడలా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. శ్రీకాంత్ నవ్వలేదు. పొద్దుగూకేలోపు ఆళ్లగడ్డలో ఆ వీడియో లేని ఫోను లేదు. అతని సెల్లుషాపుకి రీచార్జికి వచ్చినవాళ్లు కూడా, "ఏమన్నా, దోమలు ఎక్కువైనాయంట" అని అడిగి పోయారు.

మరుసటి రోజు వాళ్ల హాల్లోనే సంఘం అత్యవసర సమావేశం. విషయం ఇంద్రజ. టీ పెట్టాల్సింది కూడా ఇంద్రజే. వంటింట్లో అల్లం దంచుతూ, తన మీద జరుగుతున్న విచారణ వింటూ, కప్పులు సరిపోక స్టీలు గ్లాసులు కడిగింది.

"ప్రెసిడెంటు ఇంట్లోనే ఇట్లుంటే ఊర్లో మాకేం విలువుంటాది?" అంటున్నాడు వైస్ ప్రెసిడెంటు ఓబులేసు. ఆమె ట్రే తెచ్చేసరికి గొంతు తగ్గించి, "నాకు చక్కెర తక్కువ వదినా" అన్నాడు. ఒక గుక్క తాగి మళ్లీ గొంతు పెంచాడు. "అయినా వదిన ఇంటర్వెల్ ఫైటు చూడనే లేదంట. చూడకుండా ఎట్ల చెప్తాది? ఇంగో వీడియో ఇయ్యల్ల. సినిమా బాగుందని."

శ్రీకాంత్ తల దించుకుని, "ఇస్తాదిలే. నేను చెప్తా" అన్నాడు.

ఇంద్రజకి కోపం వచ్చింది. ఆ వెంటనే, ఓబులేసు చెప్పినదాంట్లో ఒక మాట సరిగ్గానే ఉందనిపించింది.

"నిజమే ఓబులేసూ. నేను చూడలా. మళ్లీ చూసి చెప్తా, పేర్లు పడేకాడి నుంచి శుభం దాకా. పాపను వాళ్ల నాయన చూసుకుంటాడు. అట్లయితేనే వస్తా."

అందరూ కమలాక్షమ్మ వైపు చూశారు.

"నన్ను జూస్తారేంది? మీ అందర్నీ ఎత్తుకోని తిప్పిన నడుమిది. ఇంగ ఎవర్నీ ఎత్తుకోను" అంది కమలాక్షమ్మ టీ ఊదుకుంటూ. "అయినా నేను సగంలోనే నిద్రపోతి. ఆయమ్మి చెప్పిందాంట్లో తప్పేముండాది?"

సంఘం తీర్మానం చేసింది. ఆదివారం ఇంద్రజ, శ్రీకాంత్, పాప ముగ్గురే నంద్యాల వెళ్లారు. ఇంద్రజ సీట్లో కూర్చుంది. ఒళ్లో ఏమీ లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొగతాగడం హానికరమన్న ప్రకటన కూడా రెప్పవేయకుండా చూసింది. సినిమాకి ఇంతమంది పేర్లుంటాయని, ఆ పేర్ల వెనక ఇంత చక్కని సంగీతం వస్తుందని ఆమెకి తెలియదు. కాళ్లు చాపుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఏదో తప్పు చేస్తున్నట్టు కాసేపు అనిపించింది, తర్వాత అదీ పోయింది.

హీరో కళ్లంలోకి అడుగు పెట్టాడు. ఈలలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే పాప బాత్రూం అంది. అలవాటుకొద్దీ ఇంద్రజ మోకాళ్లు లేచాయి. వాటిని మళ్లీ కూర్చోబెట్టింది.

శ్రీకాంత్ తెర వైపు చూశాడు, పాప వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "ఇంద్రా, రెండే నిమిషాలు..."

"నేను చూడల్ల. సంఘం తీర్మానం" అంది ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా.

గేటు దగ్గర రమ్యతో పాటు ఓబులేసు కూడా కాచుకుని ఉన్నాడు. ఇంద్రజ మైకుని తనే దగ్గరికి లాక్కుంది.

"పోయినసారి తప్పు చెప్తి. సగమే చూసి బాగలేదంటి. ఇప్పుడు పూర్తిగా చూసినా."

ఓబులేసు ముఖం వెలిగింది.

"పూర్తిగా బాగలేదు. చూడ్డం మాత్రం శానా బాగుండాది."

రమ్య నవ్వాపుకుంటూ మైకు శ్రీకాంత్ వైపు తిప్పింది. "అన్నా, మీరన్నా చెప్పండి. ఇంటర్వెల్ ఫైటు ఎట్లుంది?"

శ్రీకాంత్ పాపని భుజం మార్చుకున్నాడు. ఓబులేసు వైపు చూడలేకపోయాడు. "నేను బయట ఉంటి" అన్నాడు చివరికి. "సౌండు మాత్రం బాగ వినపడింది."

అతను బండి తెద్దామని వెళుతుంటే ఇంద్రజ అక్కడే ఆగి రమ్యని అడిగింది.

"వచ్చే శుక్రవారం ఏం సినిమా?"

"ఎవరో కొత్తోళ్లదక్కా. ఎట్లుంటాదో తెలీదు."

"ఎట్లున్నా పర్వాలేదు. ఒక్కదాన్నే వస్తా. ఆళ్లగడ్డ నుంచి బస్సుండాది."