గోడ మీద మా అమ్మ

మా నాన్న ఏ గోడ దగ్గరికి వెళ్ళినా ముందు తెలుపే. గోడ కొత్తదైనా, నిన్ననే ఎవరో శుభ్రంగా రంగు వేసి వెళ్ళినదైనా ఆయనకు అనవసరం. తన చేత్తో రెండు కోట్లు తెల్ల ప్రైమరు కొడితే తప్ప బొగ్గు ముక్క పట్టుకోడు. "ఎవడో వేసిన తెలుపు మీద నేను బొమ్మ వెయ్యను" అంటాడు. ఈ చాదస్తంతో నా తలప్రాణం తోకకొచ్చేది. బొమ్మ ఆయన గీస్తే రంగులు నేను నింపుతాను, అక్షరాలు రాస్తాను. ముఖాలు మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు. ఆయన కాదనడం ఎందుకులెండి, అవి నాకు రావు. నేను వేస్తే ఊళ్ళో జనమంతా ఒక్క తల్లి పిల్లల్లా ఉంటారు.

ఈసారి పని రైలు వంతెన కింద పొడవాటి గోడ. ఆ వీధిలో బతుకుతున్నవాళ్ళ బొమ్మలే ఆ గోడ మీద వేయాలని వార్డు ఆఫీసు వాళ్ళు అడిగారు. పండ్లావిడ, తాళాలాయన, చెప్పులు కుట్టే పెద్దాయన, చివర్లో మా అమ్మ. అమ్మ ఏళ్ళ తరబడి ఆ గోడ పక్కనే కుట్టుమిషన్ వేసుకుని ఊడిన జిప్పులు, చిరిగిన సంచులు బాగుచేసింది. ఆవిడ పోయాక ఆ చోట ఎవరూ కూర్చోలేదు. 

నేను ఈ పని ఎగబడి ఒప్పుకున్నది ఆ చివరి బొమ్మ కోసమే. నాన్నకు మరుపు జబ్బు. ముందు నిన్నమొన్నటి సంగతులు పోతాయని, తర్వాత పేర్లు, ఆ తర్వాత ముఖాలు అని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ ముఖం ఆయనలోంచి పోకముందే ఆయన చేత్తోనే గోడ మీదికి రావాలి. నాకింకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

ఫొటోలు లేవా అంటారేమో. ఉన్నాయి, తగలెయ్యనా? ఫొటో అంటే చాలు, అమ్మ ఊపిరి బిగపట్టి కొయ్యబొమ్మలా కూర్చునేది. ఆ మనిషెవరో నాకే తెలియదు. మా అమ్మంటే పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎడమ కనుబొమ పైకెత్తి, ఒక్క సూదీ జారకుండా మమ్మల్ని దులిపేసే మనిషి. మాట సగమే బయటికొచ్చేది. తిట్టు మాత్రం పూర్తిగా తగిలేది. అది ఏ ఫొటోలోనూ లేదు, నాన్న చేతిలో ఉంది.

మిగతా ముగ్గురి బొమ్మలూ అయ్యాక నిచ్చెన తెచ్చి ఆ చివర వేశాను.

"నాన్నా, ఇక్కడ అమ్మని వెయ్యాలి."

"తెలుసులేవే బుడంకాయా, నాకు పాఠాలు చెప్పకు" అన్నాడు. నా ముద్దుపేరు అదే, చిన్నప్పుడు గుండ్రంగా ఉండేదాన్నట. "వెనక నుంచుని కుట్టేది చూస్తేనే మీ అమ్మకి ఒళ్ళు మండేది. ఇప్పుడు గోడెక్కిస్తే ఊరుకుంటుందంటావా?"

"ఊరుకోదు. నీకు ఉంది చూడు."

నవ్వుకుంటూ మొదలుపెట్టాడు. పొద్దున పళ్ళు తోముకున్నాడో లేదో గుర్తుండని మనిషి, గోడ మీద ఒక్క గీత కూడా చెరపలేదు. నుదురు, కనుబొమ, మిషన్ మీదికి వంగిన మెడ. ఆ రోజు రంగులు కూడా నాకు ఇవ్వలేదు, తనే వేశాడు. చివర్లో సన్నకుంచెతో పెదాల మధ్య గుండుసూదులు పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో నోట్లో సూదులతోనే నన్ను తిట్టేలా ఉంది.

ఎదురుగా తాళాలాయన చేతిలో ఆకురాయి అలాగే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "అబ్బా, అక్కయ్యే! నా ప్యాంటు జిప్పు ఇంకా ఇవ్వలేదని అడగాలనిపిస్తోంది" అన్నాడు.

ఫోను తీశాను. వంతెన కింద చీకటి పడుతోంది, బొమ్మ మసకగా వచ్చింది. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంది కదా, అప్పుడు తీద్దాంలే అని ఫోను జేబులో పెట్టేశాను. నాన్న దారంతా ఉత్సాహంగా ఉన్నాడు. ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

పొద్దున లేచేసరికి వీధి తలుపు తీసి ఉంది. కుంచెల సంచీ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

నాన్న నిచ్చెన మీద ఉన్నాడు. నిచ్చెన నిన్న నేను వేసిన చోటే ఉంది. వెడల్పు బ్రష్‌తో, పైనుంచి కిందికి, ఎక్కడా చార పడకుండా తెలుపు కొడుతున్నాడు. గోడ మీద పండ్లావిడ ఉంది. తాళాలాయన ఉన్నాడు. పెద్దాయన ఉన్నాడు. అమ్మ లేదు. 

నేను కేక పెట్టానట. నాకు తెలియదు, పండ్లావిడ తర్వాత చెప్పింది. దొరికిన తడిగుడ్డ తీసుకుని గోడను తుడిచాను. పైకోటు చేతికి అంటుకుని వచ్చింది. కిందికోటు అప్పటికే బిగుసుకుంది. ఎంత రుద్దినా తెలుపు కింద తెలుపే.

"అమ్మా, తడి మీద చెయ్యి పెట్టకండి" అన్నాడు నాన్న, నిచ్చెన మీంచి వంగి. "రెండో కోటు నడుస్తోంది. ఇది ఆరితే గానీ బొమ్మ మొదలెట్టడం కుదరదు."

పెట్టకండి. నన్ను. నేను గుడ్డ పట్టుకుని ఆయన ముఖంలోకి చూశాను. పనివాడి మర్యాద తప్ప అక్కడ ఇంకేమీ లేదు. అరవాలనిపించింది. ఏం చేశావో చూడు నాన్నా అని గట్టిగా పట్టుకుని కుదపాలనిపించింది. ఎవరిని కుదపను? ఆయన తప్పేముంది? గోడ కనిపించింది, తెలుపు కొట్టాడు. జీవితమంతా పని అలాగే మొదలుపెట్టాడు.

కోటు ఆరేదాకా గోడ వారన కూర్చున్నాం. ఆయన కుంచెలు సర్దుకుంటున్నాడు. 

"ఇక్కడ ఎవరి బొమ్మ కావాలన్నారు?" అని అడిగాడు.

"మా అమ్మది."

"పెద్దావిడ ఉన్నారా?"

"లేదు."

"అయ్యో" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. "ఎలా ఉండేవారో చెప్పండమ్మా. మీరు చెప్తూ ఉండండి, నేను గీస్తూ ఉంటాను."

చెప్పాను. నుదురు చిన్నది అన్నాను. ఎడమ కనుబొమ పైకి లేచి ఉండేది అన్నాను. బుగ్గ మీద మచ్చ ఎక్కడుండేదో నా బుగ్గ మీద వేలు పెట్టి చూపించాను. ఆయన ఎంతో శ్రద్ధగా గీశాడు. గీసింది చెరిపి మళ్ళీ గీశాడు. నిన్న ఒక్క గీతా చెరపని చెయ్యి అది. పెదాల మధ్య గుండుసూదులు ఉండేవన్నాను.

ఆయన బొగ్గు దించి నావైపు తిరిగాడు. "వద్దమ్మా. చూసేవాళ్ళు కోపిష్ఠి మనిషి అనుకుంటారు. పోయినవాళ్ళని నవ్వుతూనే వెయ్యాలి, ఇంట్లోవాళ్ళకి అదే ఊరట."

"అలాగే వెయ్యండి" అన్నాను. నా నోటితో నేనే ఆయన్ని మీరు అన్నాను.

గోడ మీద ఒక ఆవిడ తయారైంది. మంచి మనిషిలా ఉంది. హాయిగా నవ్వుతోంది. ఎవర్నీ ఒక్క మాట అని ఎరగని ముఖం. నేను ఆవిడ బట్టలకు రంగు నింపాను, మిషన్‌కు నలుపు వేశాను. తాళాలాయన కొట్టు తెరవడానికి వచ్చి, గోడ చూసి, నన్ను చూసి నోరు తెరిచాడు. తల అడ్డంగా ఊపాను. కొట్టుకెళ్ళి తాళంచెవులు తగిలించుకోవడం మొదలుపెట్టాడు.

బస్సు దిగి వెళ్తున్న ఒకావిడ ఆగింది. "బాగుందండీ. ఎవరీవిడ?"

"ఈ అమ్మాయి వాళ్ళమ్మగారు" అన్నాడు మా నాన్న, నన్ను చూపిస్తూ.

ఆవిడ వెళ్ళాక నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి బొమ్మని పరకాయించి చూశాడు. ఏదో తక్కువైనట్టు ఆయనకీ అనిపిస్తోందని తెలుస్తూనే ఉంది.

"పోలిక వచ్చిందా అమ్మా? మొహమాటపడకండి."

"వచ్చింది. అచ్చు మా అమ్మే."

ఆయన ముఖం విప్పారింది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "అయినా మీ మాట నేను నమ్మను, పిల్లలు ఎలా వేసినా బాగుందనే అంటారు. రేపు మీ నాన్నగారిని తీసుకురండి. ఆయన చూసి అవునంటే అప్పుడు వచ్చినట్టు" అన్నాడు.

తీసుకొస్తానని చెప్పాను.