కాగితపు వంతెనకు మార్కులు

బడిలో కొత్త పద్ధతి వచ్చింది. ప్రాజెక్టు పాఠాలు ఎంత బాగా చెబుతున్నారో టీచర్లే తమకు తాము పదికి మార్కులు వేసుకోవాలి. పిల్లల పనిని చూపించి, ఆ మార్కులు నిజమేనని ఒప్పించాలి. నెగ్గినవాళ్లకు తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే పోస్టు. సైన్సు టీచరమ్మకు ఆ పోస్టు మీద ప్రాణం. ఏళ్ల తరబడి బోర్డు ముందు నిలబడి కాళ్లు పీక్కుపోతున్నాయి. శిక్షణ ఇచ్చేవాళ్లకు కుర్చీ వేస్తారని ఆమె విని ఉంది.

పదికి పది వేసుకుంటే కళ్లు నెత్తికెక్కాయంటారని తొమ్మిదిన్నర వేసుకుంది. ఆ అర మార్కు వినయానికి వదిలిపెట్టింది.

ఆమె తరగతి పిల్లలు పాత పేపర్లను గొట్టాలుగా చుట్టి వంతెన కట్టారు. ఇటుక పెట్టగానే అది చతికిలబడింది. పిల్లలు దాని చుట్టూ మూగి కొట్టుకున్నంత పని చేశారు. జిగురు ఆరలేదని ఒకడు, నడుమ ఆసరా లేదని ఇంకొకడు, అసలు గొట్టాలే వదులుగా చుట్టామని ఒక పిల్ల. ఆ గోలకు టీచరమ్మ తల పట్టుకుంది.

"చాల్లే, ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి. ముందు ఆ చెత్త ఊడ్చి పారేయండి," అంది.

ఆ పూట ఆ గదిలో చదువు ఎంత జరిగిందో చూసే తీరిక ఆమెకెక్కడిది? మనసంతా ఆ తొమ్మిదిన్నర మీదే ఉంది.

ఆదివారం ఆమె భర్త రంగంలోకి దిగాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాయే అయినా, చేతిలో స్క్రూడ్రైవర్ పడితే ఆయన తనను తాను ఇంజనీరే అనుకుంటాడు. కొత్త గొట్టాలు చుట్టి, లోపల ఇనుప చువ్వలు దూర్చి, పైన రంగేశాడు.

"దీని మీద మీ అమ్మగారిని నిలబెట్టినా ఏం కాదు."

"మధ్యలో మా అమ్మ ఊసెందుకు? చువ్వలు బయటికి కనబడకుండా చూడండి, చాలు."

పిల్లలు చెప్పాల్సిన మాటలు కూడా ఆమే రాసిచ్చి బట్టీ పట్టించింది. తనిఖీ రోజున పర్యవేక్షకురాలు ఇటుక మీద ఇటుక పెట్టిస్తూ పోయింది. వంతెన కిమ్మనకుండా మోసింది. దాన్ని స్కూటర్ మీద తెచ్చిన భర్త, తలుపు దగ్గర నిలబడి పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"భలే కట్టారే. ఇంత బరువు పెట్టినా ఎందుకు పడలేదో చెప్పండి," అంది పర్యవేక్షకురాలు.

పిల్లల బట్టీలో ఆ ప్రశ్న లేదు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని టీచరమ్మే విసుక్కుని 'ఎందుకమ్మ' అని పేరుపెట్టిన పిల్ల ముందుకొచ్చింది.

"మేం కట్టింది ఎందుకు పడిందో చెప్పగలం మేడమ్. గొట్టాలు వదులుగా చుట్టాం, నడుమ ఆసరా పెట్టలేదు. మళ్లీ కట్టనిస్తే నిలబెట్టేవాళ్లం. ఇదెందుకు పడలేదో మాత్రం మా టీచర్‌నే అడగాలి."

టీచరమ్మకు తల కొట్టేసినట్లయింది. చువ్వల సంగతి బయటపడుతుందన్న భయం కంటే పెద్ద సిగ్గు అది. పిల్లకు పాఠం వచ్చింది. అది వచ్చిన పూట తను తల పట్టుకుని కూర్చుంది.

"దీని మార్కులు మావారికి వేయండి మేడమ్," అంది చివరికి. "లోపల ఇనుప చువ్వలున్నాయి."

తలుపు దగ్గర భర్త చొక్కా సర్దుకున్నాడు.

"నా మార్కులు పిల్లలు కట్టింది చూసి వేయండి," అంది టీచరమ్మ.

"సరే, చూపించండి. ఏదది?"

టీచరమ్మ పిల్లల వైపు తిరిగింది. ఎందుకమ్మ మెల్లగా అంది:

"మీరే ఊడ్చి పారేయమన్నారు కదా టీచర్."