పంతొమ్మిదికి ఒకటే వరుస

మా చెక్కభజన జట్టులో పద్దెనిమిది మంది ఆడవాళ్లం. పద్దెనిమిదంటే నాకు మొదటినుంచీ భయమే. రెండంటే రెండుగా విడిపోతుంది, మూడంటే మూడుగా, ఆరంటే ఆరుగా. ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోయే రకం.

భయపడ్డట్టే అయింది. శివరాత్రికి త్రిపురాంతకం వాళ్లూ, కంభం వాళ్లూ ఒకే పూటకు పిలిచారు. గురువు మల్లయ్య మమ్మల్ని తొమ్మిదీ తొమ్మిదీ చేశాడు. నేను త్రిపురాంతకానికి, నా ఆడపడుచు సామ్రాజ్యం కంభానికి. సామ్రాజ్యం పక్కన లేకుండా నేను ఏనాడూ చెక్కలు పట్టలేదు. పైగా బస్సెక్కినవాళ్లందరూ తిరిగి రారని నాకు తెలుసు.

మనవరాలి ఆరో తరగతి లెక్కల పుస్తకాన్ని కూడబలుక్కుని చదువుతుంటాను. అందులో ప్రధాన సంఖ్యలని ఉన్నాయి. ఒకటితోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా తెగవు. పద్దెనిమిది పక్కింట్లోనే పంతొమ్మిది ఉంది. ఆ సాయంత్రమే వెనకవీధి ఉషారాణిని జట్టులో చేర్పించాను. ఆమెకు తాళం రాదు. అయినా తెల్లారేసరికి గజ్జెలూ పసుపు చీరా కొనేసింది.

మల్లయ్యకు ఒక పట్టుంది. వరుసలన్నీ సమానంగా ఉండాలి. ఒకరు ఎక్కువైనా దాన్ని కుంటి వరుస అంటాడు, పాట ఎత్తుకోడు. ఇద్దరు దేవుళ్లకు పంపే జట్లయినా అంతే. ఆ రోజు మమ్మల్ని రెండుగా నిలబెట్టాడు, ఒకరు మిగిలారు. మూడుగా నిలబెట్టాడు, ఒకరు మిగిలారు. నాలుగు చేస్తే ముగ్గురు మిగిలారు.

"ఏందక్కా ఇది, ఎట్ల నిలబెట్టినా ఎవరో ఒకరు తేలుతాండారు."

"అది ప్రధాన సంఖ్య మల్లయ్యా. నీకు తెగదు."

"అట్లయితే ఒకరు మానుకోండి."

"నేనైతే మానను. చీర కొన్నా," అంది ఉషారాణి, గజ్జెలు ఘల్లుమనిపించి.

ఎవరూ మానలేదు. కంభం వాళ్లకు రామని కబురు చేసి, "పంతొమ్మిది మందీ ఒకటే వరుస, పోండి," అన్నాడు మల్లయ్య. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

త్రిపురాంతకంలో దిగాక అతను మమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. జట్టులో అందరికన్నా పొడుగు సామ్రాజ్యం. అందరికన్నా పొట్టి నేను. ఆమె గుడి దారి మొదట్లో ఉంది. నేను టీ కొట్టు దాటి, పంక్చర్ల షాపు ముందున్నాను. మల్లయ్య ఎత్తుకున్న పల్లవి మా కొసకు చేరేసరికి అక్కడ చరణం అయిపోతోంది. మా మధ్య మలుపులో, వరుసను ఆనుకుని మార్కాపురం బస్సు కూడా ఆగింది. ఆమె కనిపించడం మానేసింది.

పుస్తకం ప్రకారం రెండే దారులు. అందరూ ఒకే వరుస, లేకపోతే పంతొమ్మిది చోట్ల ఒక్కొక్కరు. ముందున్న ఉషారాణి కొంగు పట్టుకుని, ఆడుతూనే బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. కొస కదిలితే వరుస మొత్తం వంగింది.

"అక్కా, గుండ్రంగా తిరిగేది కోలాటం," అని మల్లయ్య వెంటపడ్డాడు.

"ఇందులో కుంటి వరుస యాడుందో చూపించు."

అతను చుట్టూ చూసి, వెతుకుతూ ఉండిపోయాడు.

నేను బస్సు ముందుభాగం దాటి సామ్రాజ్యం పక్కకు చేరాను.

"ఇంతసేపు యాడికి పోయినావు వదినా?"

"కొసకు."

చుట్టు మధ్యలో బస్సు హారన్ కొడుతోంది. కండక్టర్ తల బయట పెట్టాడు. "పెద్దమ్మా, మేం పోవద్దా?"

"పాట అయ్యేదాకా ఎవరూ పోవద్దు నాయనా," అని చెక్కలు మోగించాను.