కల్వర్టు మీద తొలిబొట్టు

మా దేవి పెళ్లి పన్నెండు రోజుల్లోకి వచ్చింది. అచ్చు వేయించిన నాలుగొందల శుభలేఖలూ మా మంచం కింద అట్టపెట్టెలో హాయిగా నిద్రపోతున్నాయి. చుట్టాలకి ఒక్కటి కూడా పంచలేదు. దేవుడి దగ్గర ఒకటి పెట్టాం. దేవుడు పేచీ పెట్టే మనిషి కాదు. ఆ తరవాతిది ఎవరికివ్వాలన్న దగ్గరే మా ఆయన అర్జునరావుగారు ఆగిపోయారు.

ఆయన స్టీలు ప్లాంటులో పని చేస్తారు. కింద నిలబడి, పైన క్రేనులో ఉన్నవాడికి చేతులతో సైగలు చేస్తూ బరువులు దింపించే పని. ముప్పై టన్నుల ఇనప దిమ్మని పిడికిలి బిగించి గాల్లో ఆపేయగలరు. ఆయన వల్ల కాని బరువులు లోకంలో రెండే. ఒకావిడ సూర్యకాంతమ్మ, ఇంకొకావిడ అప్పాయమ్మ. ఆయన తల్లికి అక్కలు. కవలలు.

ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారన్నది డెబ్బై రెండేళ్లుగా తేలలేదు. చెప్పాల్సింది మంత్రసాని. ఆవిడ పోయే ముందు ఇద్దరినీ విడివిడిగా పిలిచి, "నువ్వే ముందమ్మా" అని చెప్పి పోయిందట. తెలివైన మనిషి. ఆవిణ్ణి చూడలేకపోయానే అని నాకు ఇప్పటికీ బాధ.

మా పెళ్లికి సూర్యకాంతమ్మగారిని తొమ్మిదింటికి పిలిచారు, అప్పాయమ్మగారిని పదకొండింటికి. అప్పాయమ్మగారు రాలేదు. దేవి బారసాలకి ముందు అప్పాయమ్మగారిని పిలిచాం. సూర్యకాంతమ్మగారు రాలేదు. మా సంసారం మొదలై ఇరవై ఆరేళ్లు. మా ఇంట్లో ఏ శుభకార్యానికీ ఇద్దరూ ఒక పందిట్లో కూర్చోలేదు. ఫోనులో పిలుద్దామంటే కుదరదు. మా ప్రాంతంలో ఆడమనిషి వచ్చి, నుదుట బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. లేకపోతే శుభలేఖకీ కరెంటు బిల్లుకీ తేడా లేదు.

మా ఆయనకి ఐదో ఏట తల్లి పోయింది. ఆర్నెల్లు ఆ పెద్దమ్మ ఇంట్లో, ఆర్నెల్లు ఈ పెద్దమ్మ ఇంట్లో పెరిగారు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తరు. మొన్న కల్యాణమండపం అతను కుర్చీల లెక్క అడిగితే, "ముందు వరసలో మధ్యన రెండు ఒదిలీండి" అన్నారు. ఎప్పుడూ ఒకళ్లే కదా వచ్చేది, ఒకటి చాలదా అన్నాను నేను. ఆయన లేచి వెళ్లి బండి కడిగారు. ఆ రోజుకి అది మూడోసారి కడగడం.

అప్పుడర్థమైంది నాకు, ఈసారి ఇద్దరూ రాకపోతే ఆ బండికి రంగు మిగలదని.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మా కూర్మన్నపాలెంలో బయల్దేరాం. హెల్మెట్లు పెట్టుకుంటే మాకు ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకని మాకో పద్ధతుంది. వీపు మీద ఒకటి కొడితే నెమ్మది, రెండు కొడితే ఆపు. మూడు కొడితే ఏమీ లేదు, కోపం.

తగరపువలసలో కాజాలు కొన్నాం. పెట్టెకి కిలో చొప్పున రెండు పెట్టెలు. తూకం సమంగానే ఉంది గానీ, ఒక దాంట్లో ఇరవై రెండు కాజాలు, ఇంకో దాంట్లో ఇరవై ఒకటి.

"తేడా వచ్చిందే" అన్నారు ఆయన, ముఖం మాడ్చుకుని.

నేను ఎక్కువున్న పెట్టెలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. "ఇప్పుడు సమానమే."

"ఇప్పుడు తూకం పోయినాది."

ఆయన రెండో పెట్టెలో ఒక కాజా కొరికి, సగం తిరిగి పెట్టబోతే షాపతను రెండు పెట్టెలూ లాక్కుని, కొత్తగా కట్టి, దణ్ణం పెట్టి పంపించాడు.

హైవే దిగాక దారి సగమైంది. మిగతా సగం మీద మొక్కజొన్న ఎండబోశారు. కంకుల పక్కన ముసలమ్మ ఒకావిడ గొడుగు పట్టుకుని, ఎవరు ఎటు పోవాలో చెబుతోంది. బస్సు కూడా ఆవిడ మాట విని పొలంలోకి దిగి పోయింది. మేము ఆవిడకి నమస్కారం పెట్టి, ముందు పోతున్న మేకల మంద వెనకే పోయాం.

ముందు గుమ్మడివలస వస్తుంది, అక్కడ సూర్యకాంతమ్మగారు. దాన్ని దాటితే సారిపాలెం, అక్కడ అప్పాయమ్మగారు. మధ్యలో ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, దాని మీద కల్వర్టు. గుమ్మడివలసకి కాస్త ఇవతల జీడితోట దగ్గర ఆయన వీపు మీద రెండు కొట్టాను.

బండి ఆగింది. "ఏటే, ఏటైనాది?"

"ముందెవరింటికండీ?"

"అదే ఆలోసిత్తన్నాను."

"ఎప్పట్నించి?"

"కూర్మన్నపాలెం కాడ్నించి." హెల్మెట్ తీసి తల గోక్కున్నారు. "పోనీ నువ్వొకరింటికి, నానొకరింటికి. ఒకే టయానికి."

"మీరు బొట్టు పెడతారా?"

కాసేపు నిజంగానే ఆలోచించారు. "పెట్టకూడదేటి?"

నేను ఫోన్ తీశాను. నేను బీయస్సీ బోటనీ. తడుముకోకుండా కల్పించడం సిలబస్‌లో లేదు, సొంతంగా నేర్చుకున్నాను.

"పెద్దత్తా, నాను పుష్పని. తొలిబొట్టు మీకేనత్తా. గానీ పారే నీటి కాడ పెట్టాలంట. పదకొండున్నరకి కల్వర్టు కాడికి రండి."

"పారే నీటి కాడా? ఇంటికి రాకండానా? ఎవులు సెప్పేరే?" సూర్యకాంతమ్మగారి గొంతు ఫోను అక్కర్లేకుండానే వినపడుతోంది.

"శాస్త్రమత్తా."

"నాకు తెలీని శాస్త్రమేటి?"

"తొలిబొట్టుకి మాత్రమేనంట. రెండోది మామూలుగా ఇంటికాడే పెట్టీవచ్చంట."

అవతల ఆవిడ గొంతు సవరించుకున్నారు. తరవాత, "తొలిబొట్టని అదీ ముందు సెప్పాల. పీటట్టుకొస్తాను."

అప్పాయమ్మగారికి కూడా అక్షరం మార్చకుండా అదే చెప్పాను. ఆవిడ ఒకే ప్రశ్న అడిగారు. "అయితే అది ఇంటికాడే కూకుంటాదన్నమాట?" అది అంటే అక్కో చెల్లెలో.

"పెద్దోళ్ల సంగతి నానేటి సెప్పగలనత్తా" అన్నాను వినయంగా.

ఫోన్ పెట్టేసి చూస్తే మా ఆయన ముఖంలో భక్తి. "పంతులుగారు ఈ ముక్క నాతో సెప్పలేదే!"

"మీరు టీకెళ్లారప్పుడు."

గుమ్మడివలస మధ్యలోంచి ఆపకుండా పోయాం. అరుగుల మీద జనం మమ్మల్ని లెక్కపెట్టుకున్నారు. పదకొండుకి కల్వర్టు చేరాం. తీరా చూస్తే గెడ్డలో నీరు అరచేతి వెడల్పు ఉంది. దానికి అడ్డంగా ఒక గేదె పడుకుని ఉంది. అటు నీరుంది, ఇటు నీరుంది, పారడం మాత్రం లేదు.

"శాస్త్రం తప్పిపోద్దే!" అంటూ ఆయన ప్యాంటు మడిచి కిందకి దిగిపోయారు. ఆ శాస్త్రం వయసు గంట కూడా లేదని చెబుదామనుకున్నాను. కానీ గేదెని బతిమాలుతున్న మనిషిని మధ్యలో ఆపడం ఎందుకని ఊరుకున్నాను.

ఈలోగా ఇటునుంచి సూర్యకాంతమ్మగారు, అటునుంచి అప్పాయమ్మగారు. ఇద్దరూ పట్టుచీరలు. ఒకావిడ వెనక భర్త వీరన్న మామయ్య, నెత్తిన పీట. ఇంకొకావిడ వెనక భర్త తాతబాబు మామయ్య, ఆయన నెత్తినా పీటే. ఈ మామయ్యలిద్దరూ రోజూ సాయంత్రం ఒకే టీకొట్లో కూర్చుంటారు. ఎవరి భార్య పెద్దదో తేలదు కాబట్టి అన్న, తమ్ముడు అని పిలుచుకునే వీల్లేక బావ అని సర్దుకున్నారు. ఇప్పుడు మాత్రం ఒకరినొకరు ఎరగనట్టు చెట్లకేసి చూస్తున్నారు.

అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు.

"ఒలే పుష్పా, అదెందుకొచ్చినాది? దాన్ని పొమ్మను" అన్నారు సూర్యకాంతమ్మగారు.

"ఆవిణ్ణే పొమ్మను. నాను పోతే తొలిబొట్టు ఆవిడదైపోద్ది" అన్నారు అప్పాయమ్మగారు.

నేను నమ్ముకున్నది సరిగ్గా ఆ ఒక్క ముక్కనే. ఇద్దరూ పీటలు వేయించి కల్వర్టుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూలబడ్డారు.

"ఇద్దరిదీ తొలిబొట్టేనత్తా, మధ్యకొస్తే ఒకే క్షణంలో పెడతాను" అని కుంకుమభరిణె తెరిచి, రెండు చేతులూ ఎత్తాను.

"ఎడం సేత్తోనా?" ఇద్దరూ ఒక్కసారే.

నా చేతులు గాల్లో ఉండిపోయాయి. అంత పెద్ద శాస్త్రం కనిపెట్టినదాన్ని, నాకు కుడిచెయ్యి ఒకటే ఉందన్న సంగతి మర్చిపోయాను.

"దానికి పెట్టు ఎడం సెయ్యి."

"ఆవిడకే పెట్టు. ఆవిడ ముఖానికదే సాలు."

"నానెళ్లిపోతన్నాను. దాన్నెళ్లమను ముందు."

అదే సమయానికి మా ఆయన గెడ్డలోంచి పైకొచ్చారు. మోకాళ్ల దాకా బురద. ఇద్దరి ముఖాలూ చూశారు, నా చేతులు చూశారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. ఇంట్లో నేనెప్పుడూ చూడని ముఖం. డ్యూటీ ముఖం.

కుడిచెయ్యి పైకెత్తారు. "ఎవులూ కదలొద్దు."

ఎవరూ కదల్లేదు. గేదె కూడా.

"పెదనాన్నా, పీటలు మధ్యకి. ఇంకా. ఇంకా. మెల్లిగా..." పిడికిలి బిగించారు. "ఆపు. ఇప్పుడు కూకోండి. తలలు దగ్గరికి. ఇటుపక్క కొంచెం కిందకి. అటుపక్క పైకి, సాలు. దగ్గరికి... దగ్గరికి..."

ఆయన వేళ్లు కదిలిన కొద్దీ రెండు నెరిసిన తలలు వంగి, లేచి, జరిగి, కణతకి కణత తగిలి ఆగాయి. ఇద్దరి తలల్లోంచీ ఒకే వాసన, ఆముదం వాసన. నేను కుడిచేతి ఉంగరపు వేలు, చూపుడు వేలు కుంకుమలో ముంచి, ఊపిరి బిగబట్టి, రెండు నుదుళ్లకీ ఒక్కసారే అద్దాను.

వీరన్న మామయ్య చప్పట్లు కొట్టాడు. "ఊరుకో బావా, మనల్ని సూత్తారు" అన్నాడు తాతబాబు మామయ్య.

"నాకు ఏ వేలే అది?" అన్నారు అప్పాయమ్మగారు, కళ్లు పైకి తిప్పి నుదురు చూసుకునే ప్రయత్నంలో. "సూపుడేలా? దానికి ఉంగరమేలు పెట్టి నాకు సూపుడేలా?"

పీటలు మార్చి, తలలు మార్చి, మళ్లీ మొదట్నించీ అన్నీ చేశాం. చివరికి ఇద్దరికీ రెండేసి బొట్లు. ఎవరికీ తక్కువ లేదు.

ఇక శుభలేఖలిచ్చి పిలవాల్సింది ఆయన. చేతిలో రెండు కార్డులు పట్టుకుని ముందుకొచ్చారు.

"పెద్దమ్మా" అన్నారు.

"ఊఁ" అన్నారు ఇద్దరూ.

ఆయనకి యాభై నాలుగేళ్లు. ఒక్క పిలుపుకి ఆ రెండు ఊఁలూ కలిసి రావడం అదే మొదలు. గెడ్డకేసి తిరిగి గేదెని చాలాసేపు పరిశీలించారు. "దేవి పెళ్లి. మీరు రావాల" అని దానితోనే అన్నట్టు అన్నారు.

"రాకేటి?" సూర్యకాంతమ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "మూడ్రోజుల ముందే వత్తాను. అందరికంటే ముందు."

అప్పాయమ్మగారు గిర్రున తిరిగారు. "ఎప్పుడొస్తావు?" ఆవిడ నేరుగా అక్కతోనో చెల్లెలితోనో మాట్లాడారని మాకు తట్టేలోపే, "నాను వారం ముందొస్తాను" అనేశారు.

"అయితే నాను రేపొస్తాను."

"నానిప్పుడే ఎల్తన్నాను." అప్పాయమ్మగారు నడిచి వెళ్లి స్టాండు వేసి ఉన్న మా బండెక్కి కూర్చున్నారు.

సూర్యకాంతమ్మగారు ఒక్క క్షణం ఆగలేదు. ఆవిడా ఎక్కేశారు. బండి గేదెలా మూలిగింది.

"పెద్దమ్మా, ముగ్గురెక్కకూడదు, సేఫ్టీ కాదు..." అన్నారు మా ఆయన.

"ఊఁ" అన్నారు ఇద్దరూ. దిగలేదు.

"బట్టలైనా తెచ్చుకోండత్తా" అన్నాను.

"నీ సీరలు లేవేటి?" అన్నారు సూర్యకాంతమ్మగారు.

"ఉంటాయి. దాని ఒంటికి సాలవు" అన్నారు అప్పాయమ్మగారు.

హెల్మెట్లు రెండూ వాళ్లిద్దరికీ పెట్టి, ఆయన తలకి తువ్వాలు చుట్టుకున్నారు. తగరపువలస దాకా సైకిలు కంటే నెమ్మదిగా పోయి, అక్కడ ఆటో మాట్లాడతానన్నారు. సగం దారిలో ఆగి, ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి మారాలని ఒప్పందం. ఆ సగం ఎక్కడన్న దాని మీద వాదించుకుంటూనే గుమ్మడివలస మలుపు తిరిగిపోయారు. మా ఆయన వెనక్కి తిరిగి నాకేసి చూడలేదు. తప్పు పట్టలేదు నేను. చూస్తే బండి పడిపోతుంది.

కల్వర్టు మీద నేనూ, మామయ్యలిద్దరూ, కాజాల పెట్టెలూ మిగిలాం. మామయ్యలు రెండు పీటలూ పక్కపక్కన వేసుకుని కూర్చున్నారు.

"ఎన్నాళ్లుంటారమ్మా ఆళ్లక్కడ?" అన్నాడు వీరన్న మామయ్య.

"పన్నెండు రోజులు మామయ్యా."

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. తాతబాబు మామయ్య ఒక పెట్టె దారం మెల్లిగా విప్పాడు. "పెళ్లైపోయాక కూడా ఉంచుకోండమ్మా. మాకేటి తొందర లేదు" అని నాకో కాజా ఇచ్చాడు.

నేను కాజా తింటూ ఇంటికి ఫోన్ చేశాను. "దేవీ, పెద్దమామ్మలిద్దరూ వస్తున్నారు. ముందు గదిలో రెండు మంచాలూ వెయ్యి. రెండూ కిటికీ పక్కనే ఉండాలి, తెలిసిందా?"

"ఇద్దరూనా?" దేవి ముందు గదిలోకి పరిగెత్తిన చప్పుడు వినపడింది. తరవాత, "కిటికీ ఒకటే కదమ్మా, పక్కన ఒక్క మంచమే పడుతుంది" అంది.

"అయితే మంచాలు తీసెయ్యి" అన్నాను. "చాప పరుచు. ఒకటే. పెద్దది."