కొర్రమీను తలకాయ

ఆదివారం పొద్దెక్కాక చిత్తూరులో తిరుమలయ్య ఇంటి ముందు బండి ఆగింది. కొత్త అల్లుడు గుణశేఖర్ దిగిన తీరు చూస్తే ఏదో కోట గెలిచి వచ్చాడనుకోవాలి. గెలిచింది మాత్రం మూరకు పైబడిన ఒక కొర్రమీను.

భానుప్రియ గేటు దాకా పరిగెత్తింది. చేప కోసం కాదు. మోకాళ్ళ దాకా బురద, ఎండకు కమిలిన ముక్కు, గాలం కర్రను భుజాన పెట్టుకున్న ఆ గర్వం: మొగుణ్ణి ఇలా చూడడం కూడా కొత్తే. ఈమధ్య అతను తుమ్మినా ఆమెకు ముచ్చటగానే ఉంటోంది.

"ఫోటో సూడు ముందు," అన్నాడతను ఫోన్ చేతికిస్తూ.

ఫోటోలో చెరువు గట్టు, చేప, చేపకన్నా పెద్ద నవ్వు. వెనక ఒక బోర్డు. దాని మీద సగానికి అతని సంచి వేలాడుతోంది. మిగిలిన సగంలో 'ఈ చెరువు చేపలు' అని మాత్రం కనిపిస్తోంది.

"ఈ చెరువు చేపలు... ఏమంటండీ?"

"తినరాదంట. అది తినేవాళ్ళకి. నేను పట్టేవాణ్ణి గదా!"

అంత గొప్ప తర్కం తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన రెండేళ్ళలో భానుప్రియకు ఎవరూ చెప్పలేదు. నవ్వబోయింది. అంతలో, అప్పటికే చేప చేరిన వంటింట్లోంచి పులుసుకు మామిడికాయ తరుగుతున్న చప్పుడు వినిపించింది. నవ్వు ఆగిపోయింది. అక్క ఐశ్వర్య పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. ఆ ఇంట్లో చేప తెస్తే తలకాయ కడుపుతో ఉన్న ఆడదానికే. వేరేవాళ్ళు అడగరు. అడిగితే అర్థం వేరు.

వంటింట్లోకి వెళ్ళి, మొగుడి బోర్డు సంగతి తప్ప ఉన్నదంతా చెప్పింది. ఫ్యాక్టరీల నీళ్ళు ఆ చెరువులోకే వస్తాయి. వాటితో వచ్చిన పాదరసం అడుగు బురదలో చేరుతుంది. పురుగులు దాన్ని తింటాయి, చిన్న చేపలు పురుగుల్ని తింటాయి, కొర్రమీను ఆ చిన్న చేపల్ని ఏళ్ళ తరబడి మింగుతుంది. ఎంత పెద్ద చేపయితే అంత ఎక్కువ పోగై ఉంటుంది. ఒక్క ముక్కకే ఎవరూ పడిపోరు గానీ, కడుపులో బిడ్డ మెదడుతో ఆటలొద్దు.

"పసుపు రాసి, గల్లుప్పేసి కడిగినా మే. ఇంకా యాడుంటాది నీ పాదరసం?" అంది తల్లి సుబ్బులమ్మ.

"అది కండలో ఉంటాదమ్మా. కడిగినా పోదు, ఉడికించినా పోదు."

తిరుమలయ్య తలుపు దగ్గరికొచ్చి శాస్త్రాన్ని ఒక్క దెబ్బతో తేల్చేశాడు. "ఆ మురికినీళ్ళల్లో ఇంత పెరిగిందంటే అదెంత గట్టి చేపో సూడు! ఆ గట్టిదనమంతా ఐశ్వర్య బిడ్డకొస్తాది."

"నాయనా, అదేం వ్యాయామం చేసి పెరగలా!"

"వచ్చినప్పట్నించీ చేపల పులుసు అడగతా ఉండా," అంది ఐశ్వర్య. "నీ చదువు ఈ పొద్దే గుర్తొచ్చిందా మే?"

గుణశేఖర్ ముఖం చిన్నదైంది. "చదువుకున్న పెండ్లాం దొరికితే పులుసు కూడా పరీక్ష రాయాల మామా," అని కూర్చున్నాడు. ఆ ముఖం చూసి భానుప్రియ ప్రాణం ఉసూరుమంది. నోరు మూసుకుంటే మొగుడి పరువు నిలుస్తుంది. మరి అక్క బిడ్డ?

సంగటి ముద్దలు వడ్డించారు. సుబ్బులమ్మ తలకాయను గరిటెతో ఎత్తి ఐశ్వర్య కంచం వైపు తిప్పింది. భానుప్రియ తన కంచం అడ్డం పెట్టింది.

"అమ్మా, తలకాయ నాకెయ్."

గరిటె గాల్లోనే నిలిచింది. సుబ్బులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుమలయ్య గొంతు సవరించుకున్నాడు. గుణశేఖర్ ముఖం ముందు ట్యూబులైటులా వెలిగింది, తర్వాత అదే ట్యూబులైటులా తెల్లబోయింది. ఒక్క ఊపున భార్య కంచం లాగేశాడు.

"వద్దత్తా! భానుకి ఎయ్యొద్దు. ఆడ... ఆడ బోర్డు పెట్టుండారు."

"బోర్డా? ఏం బోర్డు?" అన్నాడు తిరుమలయ్య.

గుణశేఖర్ ఫోన్ చూపించక తప్పలేదు, సంచి చాటున ఏం రాసుందో చెప్పకా తప్పలేదు. ఐశ్వర్య ఫోన్ అందుకుని ఆ ఫోటో చూసింది.

"బాగుంది మరిదీ. నా బిడ్డకేమో బలం, నీ బిడ్డకేమో బోర్డా?"

"తప్పయిపోయింది వదినా," అన్నాడు గుణశేఖర్ నేల చూస్తూ. తర్వాత తనే లేచి పులుసు కుండ పక్కకు దించాడు.

"మే, నిజమేనా?" సుబ్బులమ్మ కూతురి గడ్డం పట్టుకుంది.

"యాడమ్మా! ఇంకా ఏం లేదు. తలకాయ అడిగినా, అంతే."

గుణశేఖర్ పులుసును మామిడిచెట్టు మొదట్లో పోయడానికి బయల్దేరాడు. తిరుమలయ్య ఎదురుపరుగు తీశాడు. "వొద్దప్పా! ఆ కాయలు మనం తినేవి!" ఇందాకటి దాకా పసుపుకు కడుక్కుపోయిన పాదరసం ఇప్పుడు చెట్టెక్కి కాయలోకి దూరేంత తెలివైనదైపోయింది. చివరికి దాన్ని కవర్లో మూటగట్టి చెత్తబండికి అప్పజెప్పారు.

అందరూ సంగటి చెనక్కాయ చట్నీతో తిన్నారు. ఐశ్వర్యకు చేపల పులుసు బాకీ పడింది. రేపు బజారు నుంచి శుభ్రమైన నీళ్ళల్లో పెరిగిన చిన్న చేపలు తెస్తానని గుణశేఖర్ ఒప్పుకున్నాడు. భానుప్రియ చేతిలోంచి లాక్కున్న కంచం మాత్రం ఇంకా అతని ఒళ్ళోనే ఉంది. అతనది గమనించనేలేదు. ఆమె గమనించింది, సంగటి చల్లారేదాకా అడగలేదు.

"అయితే వచ్చే ఆదివారం గాలం ఎయ్యొద్దా?" అన్నాడతను నెమ్మదిగా.

"ఎయ్యండి. పట్టండి, ఫోటో తీసుకోండి, మళ్ళా నీళ్ళల్లో వదలండి. సంచి మాత్రం ఇంకోచోట తగిలించండి."

సాయంత్రం పక్కింటి చిన్నబ్బ గోడ మీదుగా అడిగాడు, అల్లుడు తెచ్చిన చేప ఎట్లుందని.

"మా అల్లుడు పట్టేది తినే చేప కాదప్పా," అన్నాడు తిరుమలయ్య మీసం దువ్వుతూ. "సూసే చేప!"