ఫేబే అంటే ఎవరు

శనివారం వచ్చిందంటే దోన్యా కాందిదా ఇంట్లో నకతమాల్ ఉడకాల్సిందే. మొక్కజొన్న పిండీ పంది మాంసమూ కలిసి మగ్గిన ఆ అరటాకు పొట్లం విప్పితే వీధంతా ఘుమఘుమ. దాన్ని రొట్టె లేకుండా తినేవాడు లెయోన్ ఊళ్ళో పుట్టలేదు. రొట్టెల కొట్టు ఎదురుగానే ఉంది. అయినా కాందిదా గొడుగేసుకుని పక్క పేట దాటి వెళ్ళి రొట్టె తెచ్చుకునేది. ఎదురుకొట్టు ఫేబేది మరి.

పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన ఆ ఫేబేతో తన మొగుడు ఫిలెమోన్‌కి ఏదో ఉండేదని కాందిదా అనుమానం. అనుమానం కాదు, నమ్మకం. ఫిలెమోన్ చెప్పులు కుట్టేవాడు. కొట్లో స్నేహితులంతా చేరి గోల గోలగా మాట్లాడుకునేవారు. కాందిదా కాఫీ తీసుకుని గుమ్మం దగ్గరికి రాగానే ఎవడో ఒకడు "ఫేబే!" అనేవాడు. అంతే, అందరూ గప్‌చిప్. ఇంకేం కావాలి?

పోయేముందు జ్వరంలో కూడా ఆ మహానుభావుడు "ఫేబే, కాసిని నీళ్ళు" అన్నాడు. కాందిదా తాగించింది. గ్లాసు మాత్రం ఠపీమని పెట్టింది. ఏటా చనిపోయినవాళ్ళ పండక్కి ఊరంతా సమాధులకి సున్నం వేసుకుంటుంటే, "ఆవిడే వేస్తుందిలే" అని ఇంట్లో కూర్చునేది. ఆవిడా వెయ్యలేదు. ఫిలెమోన్ మీద పిచ్చిమొక్కలు మొలిచాయి.

ఈసారి పండగ ఆదివారం పడింది. ముందురోజు ఫిలెమోన్ పాత నేస్తం తోరీబియో భోజనానికొచ్చాడు. మనవరాలు అరెలీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "తువాని!" అంది. బ్రహ్మాండం అన్నమాట.

"ఆ మాట ఎక్కడిదో తెలుసా పిల్లా?" అన్నాడు తోరీబియో.

"ఇంగ్లీషుది తాతా. టూ నైస్. ఓడలవాళ్ళు తెచ్చారు."

"నీ చెవిలో చెప్పి వెళ్ళారా? అది మా మాట. అక్షరాలు తారుమారు చేసుకుని మాట్లాడేవాళ్ళం. బ ఉంటే త, త ఉంటే బ. గ ఉంటే ఫ, ఫ ఉంటే గ. ఆ బదులు ఏ, ఏ బదులు ఆ. ఓ బదులు ఈ. ఇప్పుడు 'బువేనోస్', అదే, 'మంచివి' అంటామే, ఆ మాట తిప్పి చెప్పు."

అరెలీ వేళ్ళ మీద లెక్కేసింది. "తు... వా... నీస్. మరి చివర 'స్' ఏమైంది?"

"మనూళ్ళో చివరి 'స్' ఏనాడైనా పలికామా? అన్నంతోపాటు మింగేస్తాం. మీ తాత కొట్లో ఇదే భాష. గిరాకీ కాళ్ళు కంపని వాడి ముందే చెప్పుకునేవాళ్ళం. వాడు నవ్వుతూ తలాడించేవాడు."

కాందిదా తినడం ఆపేసింది. కిందటేడు చర్చిలో పెద్దవాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. కొత్త కదా, దొరికిన ప్రతి మాటనీ విడగొట్టి చూసే సరదా ఇంకా తీరలేదు. బల్ల మీద ఒలికిన పిండిలో వేలితో రాసింది. ఫేబే. ఫ తీసి గ. ఏ తీసి ఆ. బ తీసి త. మళ్ళీ ఆ.

గాతా. అంటే పిల్లి.

లేత రంగు కళ్ళున్న ఆడదాన్ని ఆ ఊళ్ళో పిల్లి అనే అంటారు. ఆ వీధిలో అలాంటి కళ్ళు కాందిదావే.

"తోరీబియో! ఏమిటయ్యా ఇది?"

అతనికి పొలమారింది. "అదీ... వదినా... పిల్లొస్తోంది, సీసా దాచండ్రా అని."

"ఏ సీసా?"

"రమ్ము సీసా. జిగురు డబ్బా వెనక. ఒక్కసారైనా పట్టుకున్నావా?" అన్నాడు, గొప్పగా.

కాందిదా అరటాకుతో అతని నెత్తిన ఒక్కటిచ్చింది. ఆకు కింద పెట్టి మెల్లిగా అడిగింది. "మరి పోయేముందు 'ఫేబే, నీళ్ళు' అన్నాడే, అదీ?"

"నిన్ను కాక ఎవర్ని అడుగుతాడు? నువ్వు లేనప్పుడు ఎప్పుడూ అదే పేరు. మా ఫేబే ఇలా అంది, మా ఫేబే అలా వండింది అని మా బుర్రలు తినేవాడు."

కాందిదా ముక్కు చీదుకుని లేచింది. గొడుగైనా తీసుకోకుండా వీధి దాటింది.

కొట్లో ఆమెని చూసి ఫేబే చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "ఏమ్మా, కొట్టడానికి వచ్చావా?"

"రొట్టెలకి వచ్చాను. తప్పు నాదేనే చెల్లీ," అని కాందిదా అంతా చెప్పుకొచ్చింది.

ఫేబే మొహం వెలుగుతుందనుకుంది. వాడిపోయింది.

"అంటే, ఆయనకి నా మీద ఏమీ లేదా?"

"లేదే."

"ఇన్నాళ్ళూ వీధిలోవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడుతుంటే, పోనీలే, నాకూ ఓ కథుంది అనుకునేదాన్ని. పండక్కి కొత్త గౌను కూడా కుట్టించుకునేదాన్ని, నువ్వు గుర్రుగా చూస్తావని. ఇప్పుడు వట్టి రొట్టెల ఫేబేనేగా!" గొంతు తగ్గించింది. "అక్కా, ఈ సంగతి బయటికి పొక్కనీకు."

కాందిదా ఆలోచించింది. ఇంత పెద్ద తగవు ఒక్కరోజులో తెంచుకోవడం తనకి మాత్రం బాగుంటుందా?

"సరే. రేపు సమాధుల దగ్గరికి రా. నేను సున్నం వేస్తుంటాను. నువ్వు దూరంగా నిలబడి నిట్టూర్చు. మిగతాది నాకొదిలెయ్."

మర్నాడు ఫేబే ఎర్ర గౌనులో వచ్చి, చెట్టు చాటున నిలబడి, ఊరంతా వినేలా నిట్టూర్చింది. కాందిదా కుంచె పట్టుకుని పిల్లికళ్ళతో ఉరిమి చూసింది. వీధి జనమంతా ఊపిరి బిగబట్టారు. ఫేబే సిగ్గుపడి తల దించుకుంది.

కాందిదా వెంటనే సమాధి వైపు తిరిగిపోయింది, నవ్వు ఎవరి కంటా పడకుండా.