లెఫ్సాను పెంచిన పిల్ల

మా తమ్ముడు లెలండ్ నోట్లోంచి ఒక మాట వచ్చిందంటే ఆకాశం ఊడిపడినా దాన్ని వెనక్కి తీసుకోడు. ఆ మొండితనమంతా వాడి కూతురు బ్రిట్టాకు వచ్చింది. తెలివి మాత్రం నాదేనని నేను ఊరంతా చెప్పుకుంటాను. మేనత్తను, ఆ మాత్రం హక్కు నాకుంది.

విస్కాన్సిన్‌లో ఆవుల్ని పెంచే ఇల్లు మాది. మా కొట్టం నుంచి కౌంటీ ఫెయిర్‌లో పశువుల పోటీకి దూడ వెళ్ళని ఏడాది లేదు. మా తాత నడిపించాడు, నాన్న నడిపించాడు, జడలు వేసుకునే వయసులో నేనూ నడిపించాను. అలాంటి ఇంట్లో పదమూడేళ్ళ బ్రిట్టా ఈసారి దూడ వద్దంది. బొటనవేలంత ఊసరవెల్లి పిల్లను తెచ్చుకుని దానికి లెఫ్సా అని పేరు పెట్టింది. క్రిస్మస్‌కు మేము చేసుకునే పల్చటి బంగాళదుంప రొట్టె పేరది. ఆకుపచ్చ జీవికి ఆ పేరేమిటే అంటే, తనకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ రొట్టే కాబట్టి అంది.

లెలండ్‌కు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చిన్న జీవాల్ని పెంచడం తనకు తెలియనిదా అన్న ధీమా వాడిది. ఏటా వసంతంలో కోడిపిల్లలకు పెట్టే ఎర్ర దీపం తెచ్చి పంజరం మీద వేలాడదీశాడు. సాయంత్రానికి లెఫ్సా ఒళ్ళంతా పాలిపోయి, నోరు తెరుచుకుని, దీపానికి వీలైనంత దూరంగా అడుగు కొమ్మకు జారిపోయింది. బడి నుంచి వచ్చిన బ్రిట్టా అది చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ ఎక్కి దీపం ఊడదీసి, తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది.

"ఇది కోడిపిల్ల కాదు నాన్నా. దీనికి వేడి ఒక మూలే ఉండాలి, తప్పుకోవడానికి నీడ ఉండాలి. రాత్రయితే చీకటి ఉండాలి. నువ్వు దాన్ని వేయిస్తున్నావు."

పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య పెరిగినవాడు, ఆ మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నీకంత తెలిస్తే ఫెయిర్‌లో చూపించు అన్నాడు. ఊదా రిబ్బన్ తెస్తే ఊసరవెల్లిని ఎన్నేళ్ళయినా ఉంచుకోవచ్చు. తేలేకపోతే దాన్ని ఎవరికైనా ఇచ్చేసి, వచ్చే ఏడు నోరెత్తకుండా దూడను పట్టుకుని బరిలోకి దిగాలి. బాగా చేసిన పిల్లలందరికీ మా ఫెయిర్‌లో నీలం రిబ్బన్ వస్తుంది, ఊదా రంగుది మాత్రం విభాగానికి ఒక్కటే. పసిపిల్లతో పందేలేమిట్రా సిగ్గు లేకుండా అని నేను గయ్యిమన్నాను. బ్రిట్టా కాసేపు ఆలోచించింది. ఏది అడిగినా వెంటనే బదులు చెప్పే అలవాటు లేదు దానికి. ఆలోచించి, సరే అంది.

ఇక చూడాలి దాని పట్టుదల. గాజు పెట్టె కాకుండా గాలి ఆడే వల పంజరం తెచ్చింది. పైన పొడుగాటి ట్యూబ్‌లైటు బిగించింది. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే ట్యూబ్ అది. ఆ కిరణాలు తగలకపోతే ఎంత తిన్నా ఎముకలు గట్టిపడవట, కాళ్ళు వంకర్లు పోతాయట. పక్కన ఒళ్ళు కాచుకోవడానికి చిన్న తెల్ల బల్బు. పొద్దున రెండూ వెలిగేవి, పొద్దుగూకితే రెండూ ఆరిపోయేవి. తిండి కీచురాళ్ళు. అవి లెఫ్సా రెండు కళ్ళ మధ్య వెడల్పును మించకూడదు. ముందు వాటికి క్యారెట్టూ ఆకుకూరా పెట్టి మేపి, తర్వాత కాల్షియం పొడి కొద్దిగా పట్టించి లోపల వదిలేది. తినగా మిగిలినవాటిని ఏరి తీసేది, లేకపోతే రాత్రి అవే లెఫ్సాను కొరుకుతాయట. గిన్నెలో నీళ్ళు పెడితే అది కన్నెత్తి చూడదు. ఆకుల మీద చుక్కలు పడితేనే తాగుతుంది. పొద్దునా సాయంత్రం స్ప్రే సీసాతో ఆకులు తడపడం బ్రిట్టా పని.

మేతకు మేత పెట్టడం ఎక్కడైనా ఉందా అని నేను నవ్వాను. లెలండ్ మాత్రం నవ్వలేదు. ఆవు ఏం తింటే అదే కదా పాలలోకి వచ్చేది అని తనలో తను గొణుక్కున్నాడు. దాణా మిల్లు దగ్గర జనం వాణ్ణి వదిలిపెట్టలేదు. మీ బల్లి పూటకెన్ని లీటర్లు ఇస్తోంది లెలండ్ అని మొదలుపెట్టేవాళ్ళు. వాడు బస్తా భుజానికెత్తుకుని, ముఖం గంటు పెట్టుకుని వచ్చేసేవాడు.

జూన్‌లో బ్రిట్టా వారం పాటు ఫెయిర్‌కు పిల్లల్ని తయారుచేసే క్లబ్ వాళ్ళ శిబిరానికి వెళ్ళింది. మా మరదలికి చీజ్ ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. దాంతో లెఫ్సా మా తమ్ముడి నెత్తిన పడింది. ఒక మధ్యాహ్నం రూబార్బ్ కాడలు కూరి కాల్చిన తీపి వంటకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పేడ బూట్లు కూడా విప్పకుండా పంజరం ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు మా వీరుడు. వేళ్ళ మధ్య ఒక కీచురాయి. తొలిచూలు ఆవు ఈనేటప్పుడు దానితో మాట్లాడే గొంతుతో లెఫ్సాను బతిమాలుతున్నాడు.

"ఇంకొక్కటి తిను తల్లీ. నిన్న బాగానే తిన్నావు కదా."

లెఫ్సా ఒక కన్ను వాడి మీద, ఇంకో కన్ను నా మీద పెట్టింది. నాలుక ఎప్పుడు బయటికొచ్చిందో, ఎప్పుడు వెనక్కి వెళ్ళిందో తెలియదు. వాడు ఉలిక్కిపడి పీట మీంచి వెల్లకిలా పడ్డాడు. లేచి నన్ను చూసి, ఎవరితోనైనా అన్నావంటే మర్యాదగా ఉండదక్కా అన్నాడు. రోజూ రాత్రి భోజనాల వేళ కూతురికి ఫోన్ చేసి సందేహాలు అడిగేవాడని మరదలు తర్వాత చెప్పింది. అయినా పందెం సంగతి మాత్రం ఎత్తడు. అన్న మాట అన్నట్టే ఉంది.

ఆగస్టులో ఫెయిర్ వచ్చింది. పంజరం మీద గుడ్డ కప్పి, ఎవరూ ముట్టుకోకుండా లెఫ్సాను తీసుకెళ్ళాం. అప్పటికది అరచేయంత పెరిగింది. కాళ్ళు తిన్నగా, పట్టు గట్టిగా, ఒళ్ళు లేత ఆకులా నిగనిగలాడుతోంది. పోటీలో పిల్లలు జడ్జి అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఇంటివాళ్ళం తాడు ఇవతల నోరు మూసుకుని నిలబడాలి. ఎవరైనా జవాబు అందించారో, పిల్లకు మార్కులు కోత. ఈ నియమం లెలండ్‌కు తెలియనిది కాదు. పోయినేడు పక్క ఊరి తల్లి ఒకామె నోరు జారితే ఆమెను తిట్టిపోసినవాడు వాడే.

జడ్జి వర్డెల్ అనే పెద్దమనిషి, పక్క కౌంటీ నుంచి వచ్చాడు. కీచురాళ్ళ గురించి అడిగాడు, పొడి గురించి అడిగాడు, నీళ్ళ గురించి అడిగాడు. బ్రిట్టా ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, తడుముకోకుండా చెప్పింది. నా ఛాతీ ఉబ్బిపోయింది, దాచుకోవడం దేనికి? ఇక ఊదా రిబ్బన్ మాదే అనుకున్నాను. అప్పుడాయన గడ్డం గోక్కుంటూ చివరి ప్రశ్న వేశాడు. మీ పంజరం కిటికీ పక్కనే ఉందన్నావు, ఎండ బాగా పడే రోజున ఆ ట్యూబ్ ఆర్పేయొచ్చు కదా?

బ్రిట్టా అలవాటుగా ఆగింది. ఆ ఒక్క క్షణం వాళ్ళ నాన్న తట్టుకోలేకపోయాడు.

"గాజులోంచి ఆ కిరణాలు రావండీ" అన్నాడు తాడు మీంచి వంగి, పోటీ జరిగే కొట్టమంతా వినబడేలా. "ఎంత ఎండున్నా ట్యూబ్ వెలగాల్సిందే."

అందరూ తిరిగి చూశారు. నేను అడిగింది పాపను అన్నాడు వర్డెల్ నెమ్మదిగా. తెలుసన్నాడు మా వాడు. తెలిసీ ఆగాడా? వెలుగుతోంది కదా అని ఆ ట్యూబ్‌ను నమ్మకూడదనీ, వెలుగున్నా సత్తువ పోతుందనీ, ఏడాదికోసారి మార్చాలనీ కూడా చెప్పేసి, అప్పుడు నాలుక కరుచుకున్నాడు.

ఊదా రిబ్బన్ ఒక తాబేలుకు వెళ్ళింది. మాకు నీలం. బ్రిట్టా అంతా తప్పు లేకుండా చెప్పిందనీ, ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు వేయలేకపోయాననీ వర్డెల్ మాతో అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పందెం పెట్టిందీ నువ్వే, పిల్లను ఓడించిందీ నువ్వే, ఇప్పుడా జీవిని ఎవరికి ఇచ్చేస్తావో చెప్పు అని నలుగురిలో నిలదీశాను. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ కూతురి ముందు నిలబడ్డాడు.

"నేను మాట తప్పను" అన్నాడు. "ఓడినవాళ్ళు దూడను పట్టుకోవాలన్నది పందెం. ఓడింది నేను. వచ్చే ఏడు పెద్దవాళ్ళ పోటీలో దూడను నేనే పట్టుకుని దిగుతాను. నువ్వు లెఫ్సాను చూసుకో."

బ్రిట్టా ఎప్పటిలాగే ఆగింది. తర్వాత వెళ్ళి వాడి నడుము చుట్టూ చేతులు వేసింది. ఊదా రిబ్బన్ పోయినందుకు బాధగా లేదుటే అని నేనే ఆగలేక అడిగాను.

"నాన్న కూడా లెఫ్సాను మన పశువు అనుకోవాలనే కదత్తా ఆ రిబ్బన్ కావాలనుకున్నాను" అంది వాళ్ళ నాన్న చొక్కాలో ముఖం పెట్టుకునే. "అనుకుంటున్నాడు. ఇందాక నువ్వూ విన్నావుగా."

విన్నాను. నేనే కాదు, ఫెయిర్‌కు వచ్చినవాళ్ళంతా విన్నారు.